ఒక కప్పు మైదా అనగానేమి?

“ఒక కప్పు మైదా, ముప్పావు కప్పు పంచదార, అరకప్పు వెన్న, మూడు గుడ్లు.” కేకు వీడియోలో ఆవిడ ఇంతే చెప్పి నవ్వింది. ఏ కప్పు అని అడిగినవాళ్లకు జవాబు కూడా సిద్ధంగా ఉంది: “మీ ఇంట్లో ఏ కప్పైనా పర్వాలేదండీ, అన్నీ దానితోనే కొలవండి.” ఎంత ఉదారం! కప్పు పెద్దదైతే మా కోడి కూడా పెద్ద గుడ్డు పెడుతుందా తల్లీ?

మా ఇంట్లో కప్పులకు కొదవ లేదు. పెళ్లినాటి టీ సెట్టులో ప్రాణాలతో మిగిలినవి రెండు, దీపావళికి ఆఫీసువాళ్లు ఇచ్చిన చెంబులాంటిది ఒకటి, రైస్ కుక్కరుతో వచ్చిన ప్లాస్టిక్‌ది ఒకటి. ఈ చివరిది 180 మిల్లీలీటర్లు. అమెరికా కప్పు సుమారు 237, ఆస్ట్రేలియాది 250, జపానుది 200.

పోనీ గ్రాముల్లోకి మార్చుకుందామని పట్టికలు వెతికాను. కప్పు మైదా ఒకచోట 120 గ్రాములు, ఇంకోచోట 125, మరోచోట 142. పంచదార బుద్ధిమంతురాలు, ఎవరు కొలిచినా 200కు అటూ ఇటూగా ఉంటుంది. మైదా మాత్రం మంత్రివర్గం లాంటిది, కుక్కినకొద్దీ పడుతుంది.

ఇక చెంబులాంటి కప్పు పట్టుకుని వీధి చివరి కిరాణా కొట్టుకు వెళ్లాను.

“మైదా కావాలండీ.”

“పావుకిలోనా, అరకిలోనా?”

“కప్పెడు.”

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ముందు ఖాళీ కప్పు తూయమన్నాను. తరువాత చెంచాతో మెల్లగా, కుదపకుండా నింపమన్నాను. కప్పు బరువు పోను 121 గ్రాములు. మళ్లీ సంచిలో పోసి, కప్పునే ముంచి తీయమన్నాను. 148. రెండుసార్లు బల్లకు తట్టి, దిగిన చోట మళ్లీ నింపమన్నాను. 163. పాల ప్యాకెట్టు కోసం వచ్చి నా వెనక నిలబడ్డ ఆవిడ, చీరలు చూస్తున్నట్టు, “మూడోది నిండుగా ఉందండీ, అదే ఖాయం చేసుకోండి” అంది. కొట్టాయన నోరు తెరిచి కాటా వంకే చూస్తున్నారు. “సార్, ఈ నలభై రెండు గ్రాములు ఎక్కడినుంచి వచ్చాయి?” ఆపైన నేను అడగకుండానే అంచు మీద గోపురం కట్టి నాలుగోసారి తూచారు. 190! “మా నాన్నగారు కుంచంతో కొలిచిన రోజుల్లో మా కొట్టు ఎలా నిలబడిందో ఇప్పుడు తెలిసింది” అన్నారు తృప్తిగా.

అందరం నవ్వాం. ఇంటికి వచ్చే దారిలో నా నవ్వు ఆగిపోయింది. కొట్లోనే కాదు, కళ్లంలోనూ ఇదే కథ. ధాన్యం గాదెకు చేరేటప్పుడు గోపురం కట్టిన కుంచం, కూలి గింజలు కొలిచేటప్పుడు అంచు వెంట కర్రతో గీసిన కుంచం. సోల, తవ్వ, మానిక, పేర్లు ముద్దుగానే ఉంటాయి. కొలిచే చేయి ఎవరిదో లెక్కా వారిదే. అది పోవడానికే కదా 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి కిలోలు తెచ్చుకున్నాం!

ఈ కేకు మొదట చేసింది నేను కాదు, మా మేనకోడలు. పదిహేనేళ్ల పిల్ల, దాచుకున్న డబ్బుతో వెన్న కొని, ఆ వీడియో చూస్తూ అక్షరం తప్పకుండా చేసింది. ఇటుక వచ్చింది. “నీ చేతికి వంట రాదులే” అన్నారు ఇంటిల్లిపాదీ. ఆ రోజు నుంచి ఆ పిల్ల వంటింటి గడప తొక్కలేదు. ఏ చేతికి రాదు? చెప్పింది చెప్పినట్టు చేసిన చేతికా? గ్రాములు చెప్పడానికి నోరు అరిగిపోతుందా? చెప్పరు. చెబితే రేపు కేకు చెడితే తప్పు తమ మీదికి వస్తుంది. కప్పు అంటే తప్పు ఎప్పుడూ మనదే.

చిన్న కాటా ఒకటి కొని పిల్లను పిలిచాను. మైదా 120, పంచదార 150, వెన్న 113 తూచుకున్నాం. వీడియో చివరిదాకా వచ్చాం.

“మామయ్యా, వెనిల్లా ఎసెన్సు ఒక మూత అంటోంది.”

“ఏ సీసా మూత?”

“ఏదైనా పర్వాలేదట.”