నాస్తికుడూ, డొప్పెడు పులిహోరా

పోయినేడు వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేను డొప్పెడు పులిహోర తిన్నాను. ముందే ఒప్పేసుకుంటే ఓ పనైపోతుందని ఇక్కడే రాసేస్తున్నా. నిమ్మకాయది కాదు, చింతపండుదే, పల్లీలు దండిగా పడ్డాయి, ఇంగువ కూడా బాగా తగిలింది. రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో మా సెక్రటరీ గారు పక్కన ప్రత్యక్షమై (ఈ మాట ఆయనకి నచ్చుతుంది) నలుగురికీ వినబడేలా అడిగారు, "ఏం సార్, మీరు నాస్తికులట కదా, మరి ప్రసాదం ఎట్లా తింటున్నారు?"

అంతే, అయిపోయింది. నాస్తికవాదానికి ఇంతకు మించిన ఖండన ఈ దేశంలో ఇంకోటి పుట్టలేదు. చార్వాకుల్ని (మన పాతకాలపు నాస్తికులు) ఓడించడానికి వెనకటి పండితులు పాపం గ్రంథాలకి గ్రంథాలు రాశారు, ప్రమాణాలన్నారు, అనుమానాలన్నారు, అంత కష్టం దేనికి, చేతిలో ఓ డొప్ప పెట్టి ఫొటో తీస్తే సరిపోయేది కదా.

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. మండపం కింద తింటే ఆకలి కూడా భక్తే అన్నమాట. ఆ పులిహోర సంగతి చూస్తే, బియ్యం మూడో ఫ్లోర్ వాళ్ళిచ్చారు, చింతపండు నానబెట్టి గుజ్జు తీసింది 102 పిన్నిగారు, గ్యాస్ బండ నాది (అడిగి పట్టుకెళ్ళారు, ఖాళీ బండ ఇప్పటిదాకా వెనక్కి రాలేదు). ఇందులో దేవుడి వాటా ఎంతో ఎవరైనా లెక్క కట్టి చెప్తే ఆ మేరకు పక్కన పెట్టి మిగిలింది తింటా, నాకేం అభ్యంతరం లేదు.

కానీ విషయం అక్కడితో ఆగలేదు. తర్వాత ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. ఎజెండాలో మొదటిది బోరు మోటారు, రెండోది లిఫ్టు, మూడోది రాసుకోలేదు గానీ అందరూ అందుకే వచ్చారు. మోటారు మీద నాలుగు నిమిషాలు మాట్లాడారు. నా పులిహోర మీద నలభై అయిదు నిమిషాలు. 203లో ఉండే లాయర్ గారు లేచి "తినడం వేరు, ప్రసాదంగా స్వీకరించడం వేరు, ఇక్కడ ఉద్దేశం ఏంటనేది చూడాలి" అన్నారు. బ్యాంకులో రిటైరైన పెద్దాయన "అవన్నీ కాదయ్యా, కళ్ళకద్దుకున్నాడా లేదా, అది తేల్చండి" అన్నారు. దానికి సాక్ష్యం కావాలి కదా, వాచ్‌మెన్‌ని పిలిపించారు. ఆయన కాసేపు ఆలోచించి, కోర్టులో చెప్పినట్టే చెప్పాడు, "అద్దుకోలే సార్. కానీ రెండోసారి గూడ పెట్టించుకుండు." సభలో కలకలం.

చివరికి తీర్పు ఏంటంటే, చందా 2,116 కట్టేటప్పుడు నేను అందరితో సమానమైన ఫ్లాట్ ఓనర్ని, తినేటప్పుడు మాత్రం నాస్తికుణ్ణి. లిఫ్టు సంగతి వచ్చే మీటింగ్‌కి వాయిదా.

ఇంతకీ నాస్తికులు దేవుడి గురించి ఏమనుకుంటారు అని చాలామందికి తెగ కుతూహలం. పగలూ రాత్రీ కూర్చుని ఆయన్ని తిట్టుకుంటూ ఉంటామని వాళ్ళ ఊహ. నిజం చెప్తే నిరాశపడతారు, మేం ఏమీ అనుకోం. మా బిల్డింగ్‌లో 304 మూడేళ్ళుగా ఖాళీ, అందులో అద్దెకున్నాయన గురించి మీరేమనుకుంటున్నారు అనడిగితే నేనేం చెప్పను? మంచాయనా, కోపిష్టా, శాకాహారా? ఎవరూ లేరండీ అంటే "అంత పొగరెందుకు, ఆయన మీకేం అన్యాయం చేశాడు" అంటారు. సరే, వదిలేద్దాం అనుకుంటే ఆయన మెయింటెనెన్స్ నా దగ్గర వసూలు చేస్తారు, ఆయనకి నిద్రాభంగం కాకూడదని నన్ను మెల్లగా నడవమంటారు, ఆయనకి ఇష్టమని తెల్లారుజామున అయిదింటికి నా కిటికీ పక్కన మైకు పెడతారు. రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా మైకులు వద్దని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది, ఆ కాగితం తీసుకెళ్ళి చూపిస్తే సెక్రటరీ గారు దానికి బొట్టు పెట్టి ఫైల్లో పెట్టుకున్నారు. కాబట్టి దేవుడి గురించి అభిప్రాయం లేదు గానీ ఆయన తరఫున వసూళ్ళు చేసేవాళ్ళ గురించి మాత్రం దండిగా ఉంది.

ఇక వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలు. "గాలి కనబడుతుందా? మరి ఉందిగా?" ఉందండీ, టైర్లో కొట్టించుకుంటాం, మీటర్‌లో చూసి డబ్బులిస్తాం. "ఐన్‌స్టీన్ అంతటోడే నమ్మాడు." ఆయన 1954లో రాసిన ఒక ఉత్తరంలో దేవుడు అనే మాట తన దృష్టిలో మనుషుల బలహీనతల్లోంచి పుట్టిందేనని తేల్చేశాడు, ఆ ఉత్తరం ఫార్వర్డ్ చేస్తే నన్ను గ్రూప్‌లోంచి తీసేశారు. "పేరు రామచంద్రరావు, ఈయన నాస్తికుడంట!" ఇది మాత్రం పాతది, మన గోరా గారి మీద కూడా వేసుంటారు. గోపరాజు రామచంద్రరావు, బోటనీ చెప్పే లెక్చరర్, నాస్తికుడన్న పాపానికి 1933లో కాకినాడ కాలేజీలో ఉద్యోగం పోయింది. ఆయన ఈ పేర్ల గొడవని ఎట్లా తెంపాడంటే ఉప్పు సత్యాగ్రహం ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు పుట్టినవాడికి సమరం అని పెట్టేశాడు. మా తరం అయ్యుంటే లాక్‌డౌన్, నోట్లరద్దు అని పిల్లలుండేవాళ్ళు.

తిండి దగ్గరికే వస్తే, ఆ గోరా గారు చేసిన పెద్ద నేరం కూడా తిండే. అన్ని కులాల వాళ్ళనీ ఒకే వరసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టడం. అప్పుడు ఊళ్ళకి ఊళ్ళు మండిపడ్డాయి. చిత్రం చూడండి, ప్రసాదం ఎవరి చేతికి పైనుంచి జారవిడవాలో, ఎవర్ని గుడి బయటే నిలబెట్టాలో అని తరాల తరబడి లెక్కలు వేసుకున్నవాళ్ళ మనవలు ఇవాళ నా డొప్ప లెక్క తేలుస్తున్నారు. గోరా గారి కూతురు ఒక దళితుణ్ణి పెళ్ళి చేసుకుంటానంటే, ఆ పెళ్ళి తన సేవాగ్రామ్ ఆశ్రమంలో తానే చేయిస్తానని, మంత్రంలో దేవుడి బదులు సత్యం పేరు చెప్తానని ఒప్పుకున్న రామభక్తుడు ఒకాయన ఉండేవాడు. గాంధీ అనేవారు ఆయన్ని. పెళ్ళి ముహూర్తం దాకా ఆయన్ని బతకనివ్వలేదనుకోండి, ఆయన పోయాక 1948లో అక్కడే చేశారు.

అన్నిటికన్నా నాకు ప్రీతిపాత్రమైన ప్రశ్న వేరే ఉంది. "దమ్ముంటే అవతలి మతాన్ని అనండి చూద్దాం." దీని అందం ఏంటంటే ప్రతి మతం వాళ్ళూ ఇదే అంటారు, అక్షరం తేడా ఉండదు. 1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడు స్పూన్లతో పాలు తాగాడు కదా, లండన్ గుళ్ళలో కూడా తాగాడు. శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి, ఇదిగో అయ్యా తలతన్యత (ద్రవం పైపొర బిగుతుగా లాగిపట్టుకోవడం), కేశనాళికీయత (సన్నటి సందుల్లోకి ద్రవం దానంతటదే పాకడం), పాలు విగ్రహం మీదుగా కిందికే కారుతున్నాయి అని చూపించారు. హిందువుల జోలికే వస్తారు అన్నారు. 2012లో ముంబైలో ఒక చర్చి దగ్గర సిలువ మీది విగ్రహం పాదాల నుంచి నీళ్ళు కారుతుంటే జనం తీర్థంగా తాగారు, సనల్ ఎడమరుకు అనే హేతువాది వెళ్ళి చూసి, పక్కన డ్రైనేజీ మూసుకుపోయి ఆ నీళ్ళు గోడలోంచి పైకి పీల్చుకుంటున్నాయి, అదే కేశనాళికీయత అన్నాడు. క్రైస్తవుల జోలికే వస్తారు అని కేసులు పెట్టారు, ఆయన దేశం వదిలి ఫిన్లాండ్ వెళ్ళిపోయాడు. ఈ దేశంలో మతసామరస్యం ఉందో లేదో నాకు తెలీదు గానీ భౌతికశాస్త్రం మాత్రం అందరి దగ్గరా ఒకేలా పనిచేసి, అందరి చేతా ఒకేలా తిట్లు తింటోంది. ఇక "దమ్ముంటే అను" అన్న మాట విని కోయంబత్తూర్‌లో ఫరూక్ అనే కుర్రాడు తన సొంత మతాన్నే అన్నాడు, 2017 మార్చిలో తన మతం వాళ్ళే చంపేశారు. దమ్ము సరిపోయిందా అండీ? ఇంకా కావాలా?

మనోభావాలు అని ఒక అవయవం ఉంటుంది. ఏ స్కానింగ్‌లోనూ కనబడదు, ఊరికే దెబ్బతింటుంది. దాని వైద్యం మాత్రం ఎప్పుడూ అవతలోడి ఒంటి మీద జరుగుతుంది. పూణేలో నరేంద్ర దాభోల్కర్ అని ఒక డాక్టర్ ఉండేవాడు, చేతబడులు, నరబలులు, దొంగబాబాల మోసాల మీద చట్టం తెమ్మని ఏళ్ళ తరబడి తిరిగాడు. ఆయన దేవుడు లేడని కూడా ప్రచారం చెయ్యలేదు, ఆ బిల్లులో దేవుడి ఊసే లేదు మహాప్రభో అని నెత్తీనోరూ కొట్టుకున్నాడు. 2013 ఆగస్టు 20న పొద్దున్నే వాకింగ్‌కి వెళ్తే వంతెన మీద కాల్చేశారు. అరవై ఏడేళ్ళ ముసలాయన, చేతిలో ఏం లేదు. అన్నేళ్ళు కదలని ఫైలు ఆయన పోయిన నాలుగు రోజుల్లో ఆర్డినెన్స్ అయింది, చూశారా, మన ప్రభుత్వాల దగ్గర అర్జీకి రక్తం ముద్ర పడితే గానీ చెల్లదు. తుపాకీ పేల్చిన ఇద్దరికీ శిక్ష పడేసరికి 2024 వచ్చింది, కేసులో మిగతా ముగ్గురూ విడుదలైపోయారు.

ఇక్కడ మన తెలంగాణ పల్లెల్లో మంత్రాలు చేస్తోందని ముసలమ్మల పళ్ళు ఊడగొట్టారు, తగలబెట్టారు. అప్పుడు దెబ్బతినని మనోభావం నా పులిహోరకి దెబ్బతింటుందా? సిగ్గుండాలి. ఆ ముసలమ్మ కోసం ఒక్కడు ఫార్వర్డ్ పెట్టాడా? ఒక్క మీటింగ్, ఒక్క నలభై అయిదు నిమిషాలు?

సరే, లడ్డూ సంగతి చెప్పి ముగిస్తా.

1994లో హైదరాబాద్ బాలాపూర్ గణపతి లడ్డూ వేలంలో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షల వెయ్యికి. దాంతో గల్లీ గల్లీకీ వేలంపాట వచ్చింది, మాకూ వచ్చింది. సమస్య ఏంటంటే గణపతి లడ్డూ దొంగిలిస్తే కలిసొస్తుందని కొందరికి ఇంకో నమ్మకం ఉంది, అందుకని నిమజ్జనం ముందు రాత్రి కాపలా కావాలి. ఎవర్ని పెట్టాలి? బిల్డింగ్ నిండా భక్తులే, ఎవర్నీ నమ్మడానికి లేదు. కమిటీ గంట సేపు తర్జనభర్జన పడి, ఆ లడ్డూ మీద ఏ ఆశా లేనివాడు ఒక్కడే ఉన్నాడని తేల్చి, నాకో ప్లాస్టిక్ కుర్చీ, దోమల చక్రం ఇచ్చి కూర్చోబెట్టారు.

ఒంటిగంటకి లాయర్ గారు వచ్చారు, నిద్ర పట్టట్లేదంట. నన్ను చూసి వెళ్ళిపోయారు. ఒంటిగంటన్నరకి బ్యాంకు పెద్దాయన, బండికి తాళం వేశానో లేదో చూసుకుందామని. రెండున్నరకి సెక్రటరీ గారు టార్చిలైటుతో దిగారు, లిఫ్టు లేదు కాబట్టి మెట్ల మీద ఆయాసపడుతూ. కాసేపు నా పక్కనే కూర్చున్నారు.

"నిజంగానే నమ్మరా సార్ మీరు?"

"నమ్మనండీ."

"అంటే... అందులోంచి చిన్న ముక్క పోయినా మీకేం పట్టింపు ఉండదు కదా?"

సీసీ కెమెరా పనిచెయ్యట్లేదని ఆయనకే తెలుసు, బాగుచేయించాల్సింది ఆయనే. కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, లడ్డూకి వెనక వైపు, పూలదండ కప్పేచోట, రెండు ముక్కలు గిల్లారు. ఒకటి జేబురుమాల్లో కట్టుకున్నారు, ఒకటి నా చేతిలో పెట్టారు.

తిన్నా. జీడిపప్పు తగిలింది.