కేళీని పీకేముందు

వరి విత్తన మడిలో కేళీ, అంటే రకానికి తేడాగా వచ్చిన మొక్క, కనబడితే పీకి గట్టున పడేస్తాం. చేను కంటే జానెడు పొడుగైనా, ముందే ఈనినా, ఆకు పాలిపోయినా శిక్ష ఒకటే. విత్తనం అమ్ముకునేవాడికి అది న్యాయమే. పరిశోధనకు మాత్రం ఆ తేడా మొక్కే అసలు పంట.

వరి జన్యుక్రమం 2005లోనే చేతికొచ్చింది. 37 వేలకు పైగా జన్యువులని లెక్క తేల్చారు. ఏది ఏ పని చేస్తుందో ఆ లెక్క చెప్పదు. ఫ్యూజు పీకితేగానీ అది ఏ గదిదో తెలియనట్టు, జన్యువునూ చెడగొట్టే చూడాలి.

2025 మేలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలు ప్రకటిస్తే చప్పట్లన్నీ జన్యువును కోరినచోట కత్తిరించే క్రిస్పర్ కత్తెరకే పోయాయి. వాటిలో పూసా డీఎస్‌టీ రైస్ 1 మన మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన 1010 రకం నుంచి వచ్చిందే. అందులో సవరించిన డీఎస్‌టీ జన్యువు గుట్టు ఎలా బయటపడింది? చైనా శాస్త్రవేత్తలు విత్తనాలకు జన్యువుల్లో మార్పులు తెచ్చే ఈఎంఎస్ రసాయనం పట్టించి, వాటి సంతతిని ఉప్పుకూ బెట్టకూ వదిలి, తట్టుకుని నిలిచిన మొక్కను పట్టుకున్నారు. దానిలో ఈ జన్యువు చెడిపోయింది. ఆకు రంధ్రాలు తగ్గి, ఉన్నవి బాగా మూసుకుని, నీరు పోకుండా ఆగింది. అంటే బాగున్నన్నాళ్లూ ఆ జన్యువు చేసింది ఓర్పుకు అడ్డుపడటమే! ఇది 2009 నాటి మాట. అప్పటికి క్రిస్పర్ కత్తెర పుట్టనే లేదు. ఎక్కడ కత్తిరించాలో చూపింది చెడిన మొక్క.

ఒక జన్యువు పోయినా దాని జోడు జన్యువు పని నడిపేస్తుంది, పైకేమీ కనబడదు, ఇలాంటి మొక్కలను వేల వరుసలు పెంచడం దండగ అంటారు కొందరు. చాలాసార్లు నిజమే. నీళ్లూ ఎరువూ దండిగా పెట్టిన మడిలో ఏ తేడా కనబడుతుంది మరి?

అందుకే హైదరాబాద్‌లో తయారైన సాంబ మసూరి మ్యుటెంట్లను, అంటే జన్యువు మార్చిన మొక్కలను, నెల్లూరు తీరానికి తేవాలి. రొయ్యల గుంట పక్కన ఉప్పూరిన మడిలో, ఎడగారు ఎండలో నాటాలి. నెల్లూరు మసూరిని ఇచ్చిన పరిశోధన కేంద్రం ఇక్కడే ఉంది.

చూసే కన్నే కరువు. రసాయనం పట్టించిన తరంలో తేడా చాలావరకు దాగే ఉంటుంది. దాని గింజలు మళ్లీ విత్తితే, సుమారు నాలుగింట ఒక మొక్కలో బయటపడుతుంది. వేల వరుసల్లో దాన్ని పట్టగలిగేది ఏటా కేళీలు ఏరే కూలి ఆడవాళ్లే. వెన్ను తీరు, గింజ మీసం, ఆకు రంగు గట్టు మీద నడుస్తూనే చెప్పేస్తారు. వాళ్లకు దక్కేది రోజుకూలి, వాళ్లు చూసింది ఏ రిజిస్టరుకూ ఎక్కదు. యంత్రాలకు లక్షలు రాసే ప్రాజెక్టులు ఆ కంటికి నెలజీతం ఎందుకు రాయవు? నాటు నుంచి కోత దాకా అదే నలుగురిని ఉంచండి. వాళ్లు పీకేద్దామన్న మొక్కకు ఈసారి గుర్తు చీటీ కట్టించండి.