ఎత్తుతో పాటు నైపుణ్యమూ చూడాలి

బాస్కెట్‌బాల్ జట్టుకు ముందుగా పొడగరులను ఎంచుకుని, మిగిలిన స్థానాలను ఆ తర్వాత నింపుకోవాలన్న ఒక వ్యాసంలోని సూచనతో నేను ఏకీభవించలేను. బెంగళూరు మారతహళ్లిలో మా తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ ఆట నేర్పుతున్న అనుభవంతో చెబుతున్నాను: బంతిని నడిపించి, తోటివారికి అందించే పాయింట్ గార్డ్ సమర్థుడు కాకపోతే, రింగు కింద నిలబడిన సెంటర్‌కు (సాధారణంగా జట్టులో అందరికన్నా పొడగరి ఆడే స్థానం) బంతే అందదు. 2015లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో గోల్డెన్ స్టేట్ జట్టు ఏడడుగుల ఆండ్రూ బోగట్‌ను ఆరంభ అయిదుగురి నుంచి తప్పించి, ఆండ్రీ ఇగ్వొడాలాను తీసుకుని, సెంటర్ బాధ్యతను దాదాపు ఆరడుగుల ఆరంగుళాల డ్రేమండ్ గ్రీన్‌కు అప్పగించి గెలిచింది. తనకన్నా పొడవైనవారిని అతడు బలంతో, ముందుచూపుతో నిలువరించగలడు కనుకనే అది సాధ్యమైంది. అలాగని రీబౌండ్లను, అంటే రింగులో పడకుండా తిరిగొచ్చే బంతులను, వదులుకోమనడం లేదు. అయితే పదమూడేళ్ల పిల్లవాడు పొడవుగా ఉన్నాడని అతడిని సెంటర్‌కే పరిమితం చేయకుండా, డ్రిబ్లింగ్ (బంతిని నేలకు కొడుతూ నడిపించడం), పాసింగ్ కూడా నేర్పాలని శిక్షకులను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. ఆ వయసులో తోటివారు ఏడాది తిరిగేసరికి అతడి ఎత్తును అందుకోవచ్చు.