ఎవరు ఏది వాయించాలో చెప్పడానికి మీరెవరు?

నిన్న రాత్రి మా పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో నైజీరియా స్వరకర్త ఫేలా షోవాండే ఆర్గన్ రచన 'ఓయిగియిగి' పెట్టాను. వెంటనే ఒకాయన జవాబు: "ఫేలా అంటే ఆ శాక్సోఫోన్ ఆయనేగా? అయినా ఆఫ్రికావాళ్లు డప్పులు కొడితే బాగుంటుంది గానీ, చర్చి ఆర్గన్ వాళ్లకెందుకు అన్నా?" దాని కింద వరసగా నవ్వే బొమ్మలు. ఒక్కరు కూడా పూర్తిగా విని ఉండరు. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

శాక్సోఫోన్ ఆయన ఫేలా కుటి. ఆయనంటే కూడా నాకు ప్రాణం. షోవాండే వేరే. 1905లో నైజీరియాలో పాస్టరు గారింట్లో పుట్టారు. అక్కడి లాగోస్ నగరంలోని కెథడ్రల్ (పెద్ద చర్చి) గాయక బృందంలో పాడుతూ పెరిగారు. ఆ చర్చి ఆర్గనిస్టు ఎకుండాయో ఫిలిప్స్ ఆయనకు గురువు. ఫిలిప్స్ కూడా నైజీరియా మనిషే. 1914 నుంచి 1962 దాకా ఆ కెథడ్రల్ సంగీతమంతా ఆయన చేతి మీదుగానే నడిచింది. అంటే షోవాండేకి ఆర్గన్ ఎవరో దొర దయతో ముట్టుకోనిచ్చిన వాద్యం కాదు. సొంత మనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్న విద్య.

1930లలో సివిల్ ఇంజనీరింగ్ చదవడానికని లండన్ వెళ్లారు. ఖర్చుల కోసం జాజ్ వాయించారు. పేరున్న అమెరికన్ జాజ్ పియానిస్టు ఫ్యాట్స్ వాలర్ పక్కన కూర్చుని పియానో వాయించారు. చివరికి ఇంజనీరింగ్ వదిలేసి సంగీతంలోనే ఉండిపోయారు. యుద్ధం జరుగుతుండగానే, 1943లో, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్ ఫెలోషిప్ సాధించారు. ఆ పరీక్షలో ఎప్పుడూ చూడని నొటేషన్ ముందు పెడతారు. అక్కడికక్కడే శ్రుతి మార్చి వాయించమంటారు. రెండు చేతులూ వేర్వేరు కీబోర్డుల మీద, రెండు కాళ్లూ కింద పెడల్స్ మీద. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే పని అయిపోయే రోజుల్లో ఉన్నాం కదా, ఆ కష్టం మనకి ఎక్కడ అర్థమవుతుంది! పాసవ్వడమే గగనం. ఆయన బహుమతులు కూడా గెలుచుకున్నారు. తర్వాత 1952 దాకా లండన్ కింగ్స్‌వే హాల్ ఆర్గనిస్టు ఆయనే.

"డప్పులు" అన్నారుగా. 1944 నాటి ఆయన 'ఆఫ్రికన్ సూట్' (కొన్ని చిన్న భాగాలు కలిపిన రచన) వినండి. తంత్రీ వాద్యాలూ హార్పూ తప్ప అందులో డ్రమ్మన్నదే లేదు. చివరి భాగం 'అకిన్లా'కి ఆధారం పశ్చిమ ఆఫ్రికాలో జనం డాన్సులాడే హైలైఫ్ అనే బాణీ పాట. ఆ ఊపంతా వయొలిన్లూ చెల్లోలే మోస్తాయి. కూర్చున్నచోట కాలు ఆగదు. కెనడా రేడియోలో ఒక కార్యక్రమానికి ఏళ్ల తరబడి అదే సిగ్నేచర్ ట్యూన్. అదే సూట్‌లో రెండు భాగాలకు ఘనా స్వరకర్త ఎఫ్రాయిమ్ అము బాణీలు తీసుకున్నారు. 1960లో స్వాతంత్ర్యం వస్తే దేశం కోసం 'ఫోక్ సింఫనీ' రాశారు. నైజీరియా రేడియోలో పనిచేశారు, ఇబాదాన్ విశ్వవిద్యాలయంలో అక్కడి యొరూబా జాతి సంగీతం మీద, వాళ్ల జోస్యం చెప్పే ఇఫా సంప్రదాయం మీద పరిశోధన చేశారు, అమెరికాలో హోవర్డ్, పిట్స్‌బర్గ్, కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పారు. 1987లో ఒహాయోలో పోయారు. ఇంత జీవితాన్నీ ఒక్క ముక్కలో కొట్టిపారేశారు.

డప్పు తక్కువని నేననడం లేదు. డప్పు మాట ఎత్తి నవ్వేవాళ్లు ఒక్క దరువు సరిగ్గా వేసి చూపించమనండి. షోవాండే డ్రమ్ములనీ చదివాడు, ఆర్గన్నీ చదివాడు. సంగీతకారుడు తన సంప్రదాయం గీత దాటకూడదు అనడం కళలో అపార్థైడ్ (జాతుల్ని విడదీసే వివక్ష) పెట్టడమే, దానికి మేం లొంగం అని తెగేసి రాశాడు కూడా. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఎందుకంటే "వాళ్లకి ఇది చాలు" అనే మాట నేను మొదట విన్నది ఆఫ్రికా గురించి కాదు. మా చెల్లి గురించి. దానికి చిన్నప్పటి నుంచి వీణంటే పిచ్చి. అమ్మ దాన్ని వెంటబెట్టుకుని మా ఊళ్లో పేరున్న ఒక సంగీతం టీచర్ ఇంటికి తీసుకెళ్లింది. ఇంటి పేరు అడిగారు, ఏ పేట అని అడిగారు, ఏ చర్చికి వెళ్తారని అడిగారు. పాడమని మాత్రం అడగలేదు. "మీ పిల్లలకి కీబోర్డు బాగుంటుందమ్మా, చర్చిలో పనికొస్తుంది, వీణ ఎందుకు?" అన్నారు, ఎంతో ప్రేమగా. అమ్మ "సరేనండీ" అని లేచి వచ్చేసింది. దారిలో చెల్లి అడిగింది, నేను పాడితే బాగుండదా అమ్మా అని. అమ్మ జవాబు చెప్పలేదు. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్లదు, చుట్టు తిరిగి వెళ్తుంది.

అదే ఇంట్లో ఆ టీచర్ గారి మనవడు గిటార్ నేర్చుకుంటున్నాడు. వాడికెవరూ "నీకెందుకు బాబూ ఇది" అనలేదు, అనకూడదు కూడా. వాడికి లేని అడ్డు మా చెల్లికి ఎందుకు, షోవాండేకి ఎందుకు?

మా చెల్లికి వీణ ఎందుకు అన్న ఆ టీచర్ ఇక్కడే, ఈ ఫేస్‌బుక్‌లోనే ఉన్నారు. రోజూ పొద్దున్నే త్యాగరాజ కీర్తన పోస్ట్ చేస్తారు. మా అమ్మ స్నేహితులు షేర్ చేస్తే ఇది ఆ టీచర్ వరకూ వెళ్తుంది. షేర్ చెయ్యండి.