రాత్రి వంట ఆలస్యమయ్యేది పొయ్యి దగ్గర కాదు

మంగళవారం, రాత్రి ఏడుంపావు. ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు కుర్చీలో పడేసి, చేతులు కడుక్కుని ఫ్రిజ్ తలుపు తీశాను. లోపలేమీ లేక కాదు. ఆరు గుడ్లున్నాయి, నాలుగు క్యారెట్లు, సగం కోసి పెట్టిన క్యాబేజీ, ముందురోజు మిగిలిన అన్నం ఉన్నాయి. ఇన్ని ఉన్నా వాటిలో నాకు భోజనం కనిపించలేదు. వెనక నుంచి మా చిన్నవాడు "నాన్నా, ఆకలేస్తోంది, ఏం చేస్తున్నావ్?" అని అప్పటికి మూడోసారి అడిగాడు. తలుపు తీసి ఎంతసేపు నిలబడిపోయానంటే, ఫ్రిజ్ బీప్‌మని హెచ్చరించడం మొదలుపెట్టింది.

ఫోన్‌లో వెతికి 'అరగంటలో భోజనం' అని ఉన్న ఒక వంటకం మొదలుపెట్టాను. కంచాలు పెట్టేసరికి ఎనిమిదిన్నర కావచ్చింది. చిన్నవాడు అప్పటికే రెండు బిస్కెట్ ప్యాకెట్లు తినేసి, సోఫాలో నిద్రకు జోగుతున్నాడు. అది చూశాక మనసు చివుక్కుమంది. మర్నాడు గడియారం ముందు పెట్టుకుని, ఏ పనికి ఎంతసేపు పడుతోందో కాగితం మీద రాశాను. ఏం వండాలో తేల్చుకోవడానికీ, దానికి కావలసినవి ఉన్నాయో లేవో చూసుకోవడానికీ 12 నిమిషాలు. సింకులోని గిన్నెలు తోమి, గట్టు ఖాళీ చేసుకోవడానికి 9 నిమిషాలు. కడగడం, చెక్కు తీయడం, తరగడం 21 నిమిషాలు. పొయ్యి మీద 28 నిమిషాలు. మొత్తం గంటా పది నిమిషాలు.

అంటే ఆ వంటకం రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లు పొయ్యి వెలిగించినప్పటి నుంచి లెక్కపెట్టారు, నేను ఇంటి తలుపు తీసినప్పటి నుంచి లెక్కపెట్టాను. తరిగిన ఉల్లిపాయలు, నానిన పప్పు, శుభ్రంగా ఉన్న వంటగట్టు, 'ఇవాళ ఇదీ' అని ముందే తేలిపోయిన మాట, ఇవన్నీ ఎవరో సిద్ధం చేసి ఉంచారన్న నమ్మకంతోనే చాలా వంటకాలు మొదలవుతాయి. ఆ 'ఎవరో' ఎవరన్నదే అసలు ప్రశ్న.

మా ఇంట్లో ఆ ఎవరో నా భార్య అని గుర్తించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. వారంలో సగం రోజులు నేనే వండుతాను, ఆ విషయంలో నా మీద నాకు మంచి అభిప్రాయమే ఉండేది. కానీ సాయంత్రం ఆరింటికి ఆమెకు ఫోన్ చేసి "ఇవాళ ఏం చేయమంటావ్?" అని అడిగేవాణ్ణి. ఏ కూరగాయ వాడిపోకముందే వాడెయ్యాలో, ఎవరికి ఏది పడదో, నూనె ఎన్ని రోజులకొస్తుందో, అన్నీ ఆమె బుర్రలోనే ఉండేవి. చేతిలో గరిటె ఉన్నంత మాత్రాన వంట పని పంచుకున్నట్టు కాదు. ఆమె ఊళ్లో లేని ఆ మంగళవారం రాత్రి ఫ్రిజ్ ముందు నేను కొయ్యబారిపోవడానికి కారణం అదే. నేను ఎప్పుడూ చేయని పని ఆ పూట నా మీద పడింది.

ఏం వండాలో ఆలోచించే ఈ పని సులువుగా కొలతకు దొరకదు. వంటింటి పనిని కొలిచే ప్రయత్నాలు మాత్రం వందేళ్లుగా జరుగుతున్నాయి. 1926లో మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి రూపొందించిన 'ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది' ఇవాళ మనం వాడుతున్న, గట్టూ అల్మరాలూ కలిపి అమర్చిన వంటగదులకు పూర్వరూపం. సింకు నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి బల్లకు ఎన్ని అడుగులు వేయాల్సి వస్తుందో లెక్కగట్టి, సుమారు ఆరున్నర చదరపు మీటర్లలో అన్నీ చేతికందేలా అమర్చారు. శ్రమ తగ్గించాలన్న మంచి ఉద్దేశంతో చేసిందే, నిజంగా తగ్గింది కూడా. కానీ ఆ ఇరుకు గదిలో ఇద్దరు కలిసి పనిచేయలేరు. నడక లెక్కకు వచ్చింది, ఆలోచన రాలేదు. రెండో మనిషికి చోటూ మిగల్లేదు. ఆ లోటు ఇవాళ్టికీ తీరలేదని నా అభిప్రాయం. మిక్సీ, మైక్రోవేవ్, ఇంటికి సరుకులు తెచ్చే యాప్‌లు, అన్నీ చేతి పని తగ్గించాయి. 'ఏం వండాలి' అన్న పని మాత్రం అలాగే ఉంది. ఇంకా చెప్పాలంటే, ఎంచుకోవడానికి వేల వంటకాలు ఫోన్‌లోకి వచ్చాక అది పెరిగింది.

అందుకే పని దినాల వంటకు కొత్త వంటకాలు కావాలన్న మాటను నేను ఒప్పుకోను. కావలసింది తిరిగి తిరిగి వచ్చే పది వంటలు. వారానికి ఒక వరస పెట్టుకోవాలి, అదీ వంటకం పేరుతో కాదు, రకం పేరుతో. సోమవారం పప్పుధాన్యం, మంగళవారం గుడ్లు, బుధవారం నూడుల్స్ లాంటిది, గురువారం ముందురోజుల్లో మిగిలినవన్నీ కలిపి వేపుడు అన్నం, ఇలా. మంగళవారం గుడ్లు అని ఖాయమైపోయాక మిగిలిన ప్రశ్న చాలా చిన్నది. ఉల్లిపాయలతోనా, టమాటాలతోనా? దానికి ఏడేళ్ల పిల్లాడు కూడా జవాబు చెప్పగలడు. మా ఇంట్లో చెబుతున్నాడు. వారం వారం అదే తింటే విసుగు రాదా అని అడిగేవాళ్లున్నారు. పొద్దున చాలామంది ఏడాది పొడుగునా ఒకటి రెండు రకాలే తింటారు, దానికి ఎవరూ విసుక్కోరు. కొత్తదనం కోసం ఆదివారం ఉంది, సెలవులున్నాయి.

ఇక పొయ్యి దగ్గర మిగిలే ఆ అరగంటను కూడా తగ్గించుకోవచ్చు, అందుకు కొంత భౌతికశాస్త్రం తెలిస్తే చాలు. వేడి ముక్క పైనుంచి లోపలికి మెల్లగా ప్రయాణిస్తుంది. ముక్క మందం సగానికి తగ్గిస్తే ఉడికే సమయం సగం కాదు, దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది. బంగాళాదుంపను నాలుగు చెక్కలుగా వేయడానికీ, వేలి మందం ముక్కలుగా తరగడానికీ మధ్య తేడా అంత ఉంటుంది. తరగడానికి రెండు నిమిషాలు ఎక్కువైనా పొయ్యి దగ్గర పది నిమిషాలు కలిసొస్తాయి. అలాగే, మూత లేని గిన్నెలో నీళ్లు తెర్లుతుంటే మంట పెంచడం వల్ల వంట త్వరగా అవదు. తెర్లే నీరు ఎంత ఎగసినా 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది, ఎక్కువ మంట నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. ఆ 100ను దాటించే పని ప్రెషర్ కుక్కర్ చేస్తుంది. ఆవిరిని లోపలే పట్టి ఉంచి 120 డిగ్రీల దాకా తీసుకెళుతుంది. 1679లో డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకలను మెత్తబరచడానికి చేసిన పాత్ర దీనికి మూలం. మూడున్నర శతాబ్దాలు గడిచినా, వేళ మించిపోయిన రాత్రికి దాన్ని మించిన పనిముట్టు నాకు కనిపించలేదు. నానబెట్టిన శనగలు మామూలు గిన్నెలో గంట దాటించి ఉడికితే, కుక్కర్‌లో పావుగంట ఇరవై నిమిషాల్లో అయిపోతాయి.

ఖర్చు సంగతికి వస్తే, చవక అంటే తక్కువ ధరకు కొన్నది కాదు, కొన్నదంతా తిన్నది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం హోటళ్లలోనో, దుకాణాల్లోనో కాదు, ఇళ్లలో పోయింది. మనిషికి ఏడాదికి 79 కిలోలు. ఆ లెక్కలో కొంత తొక్కలూ, ఎముకలూ ఉంటాయి, నిజమే. అయినా, చవగ్గా దొరికిందని మూడు కట్టల ఆకుకూర తెచ్చి రెండు కట్టలు చెత్తబుట్టలో వేసిన ప్రతివాళ్లకూ ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఏం వండాలో తేలకముందే కొనడం వల్లే ఇదంతా. వరస ముందుంటే జాబితా దానంతటదే పుడుతుంది.

పాడవనివాటి మీద వంటను నిలబెట్టడం రెండో మార్గం. ఎండు పప్పుధాన్యాలు నెలల తరబడి చెక్కుచెదరవు. వంద గ్రాముల ఎండు మసూర్ పప్పులో దాదాపు 24 గ్రాముల మాంసకృత్తులుంటాయి. నానబెట్టకుండానే మామూలు గిన్నెలో ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు. ఫ్రీజర్‌లో బఠాణీలు, డబ్బాలో ఉడికించిన గింజలు ఉంటే కొందరు చిన్నతనంగా భావిస్తారు. ఎందుకో నాకు అర్థం కాదు. కోసిన కొద్ది గంటల్లోనే వేడినీటిలో ముంచి తీసి గడ్డకట్టించిన బఠాణీలు, వారం రోజులు బుట్టలో వాడిపోయిన 'తాజా' కూరగాయల కంటే ఎంతో మేలు.

కానీ ప్యాకెట్ చించి వేడి చేసుకునే భోజనం మీద రోజూ ఆధారపడటం వేరే సంగతి. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 20 మందిని నెల రోజులు ఆస్పత్రిలోనే ఉంచి పరిశీలించింది. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు సాదా ఆహారం పెట్టారు. వడ్డించిన వాటిలో కెలొరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానంగా ఉండేలా చూశారు, ఎంత తినాలన్నది మాత్రం వాళ్ల ఇష్టానికి వదిలేశారు. ప్రాసెస్ చేసిన ఆహారం తిన్న రోజుల్లో ఒక్కొక్కరు సగటున రోజుకు 500 కెలొరీలు ఎక్కువ తిన్నారు. ఇది చిన్న అధ్యయనమే, కానీ పకడ్బందీగా జరిగింది. అలసిపోయి అప్పుడప్పుడు ప్యాకెట్ తెరిచే తల్లిదండ్రులను తప్పుపట్టడానికి దీన్ని వాడుకుంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఒకసారి వండి రెండు పూటలు తినడం ఎవరికైనా తట్టే ఉపాయమే, కాకపోతే దాన్ని చాలామంది అజాగ్రత్తగా చేస్తారు. వండిన అన్నం పొయ్యి గట్టు మీదే రాత్రంతా ఉంచితే ప్రమాదం. బాసిల్లస్ సిరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. గది వేడిలో అవి మొలకెత్తి, పెరిగి విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పరిచి త్వరగా చల్లార్చి, రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి. ఫ్రిజ్ 5 డిగ్రీల లోపు ఉండాలి. తినేముందు పొగలు వచ్చేదాకా వేడి చేయాలి, అదీ ఒక్కసారే. ఎర్ర రాజ్మా గింజల విషయంలో మరో జాగ్రత్త: నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు బాగా తెర్లించాలి. మెల్లగా ఉడికించే ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పచ్చివే నేరుగా వేస్తే, అందులోని లెక్టిన్ అనే పదార్థం నశించక వాంతులు పట్టుకుంటాయి.

ఇంతవరకు చెప్పినదంతా ఫ్రిజ్, రెండు పొయ్యిలు, నెలకు సరిపడా సరుకులు ఒకేసారి కొనగల డబ్బు ఉన్న ఇంటికి పనికొస్తుంది. ఏ రోజు కూలి ఆ రోజుకే సరిపోయే ఇంట్లో పెద్ద ప్యాకెట్ కొంటే చవకన్న సలహా చెల్లదు, ఆ పెద్ద ప్యాకెట్‌కు చేతిలో డబ్బుండాలి కదా. షిఫ్టు ఏ వేళకో ముందు వారం దాకా తెలియని మనిషికి వారం వరస ఎలా పెట్టుకోవాలో చెప్పడం న్యాయం కాదు. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే తల్లికి వంట నైపుణ్యం కొరత లేదు, టైమే కొరత. పని వేళలు ముందుగా తెలిసేలా చేయడం, అవి సాయంత్రంలోపు ముగిసేలా చూడటం, బడిలో పిల్లలకు కడుపునిండా ఒక పూట పెట్టడం, ఇవీ రాత్రి వంట సమస్యకు పరిష్కారాలే. వంట శీర్షికలు వీటి గురించి మాట్లాడవు. మాట్లాడాలి.

ఇంట్లో మన చేతిలో ఉన్నది మాత్రం ఇవాళే మార్చుకోవచ్చు. మేం మొదట మార్చింది వంట కాదు, కాగితం. ఏడు రోజుల వరస రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాం. సరుకులు అయిపోతుంటే చూసినవాళ్లే దాని కింద రాయాలి. ఆదివారం సాయంత్రం మా ఆవిడా, నేనూ, పిల్లలూ అరగంట కూర్చుని శనగలు ఉడికించి డబ్బాల్లో పెడతాం, ఉల్లిపాయలు వేయించి ఫ్రీజర్‌లో పెడతాం. వేగిన ఉల్లిపాయలు సిద్ధంగా ఉండటం ఎంత పెద్ద ఊరటో వారం మధ్యలో తెలుస్తుంది. మొదటి నెల రెండుసార్లు వరస తప్పింది, ఒకసారి మూడు రోజులు వరసగా గుడ్లే తిన్నాం. ఎవరూ ఏమీ అనలేదు.

మొన్న మంగళవారం ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. "ఏం వండమంటావ్?" అని ఫోన్ చేయలేదు. వంటగట్టు మీద పళ్లెంలో నాలుగు టమాటాలు తరిగి ఉన్నాయి, ఒక ముక్క చిటికెన వేలంత, ఇంకొకటి గుప్పెడంత. పక్కనే మా చిన్నవాడు గుడ్ల గిన్నె పట్టుకుని స్టూలు మీద నిలబడి ఉన్నాడు. పెద్ద ముక్కలు నేను మళ్లీ తరిగాను. ఏడూ యాభై ఐదుకు నలుగురం తినడానికి కూర్చున్నాం.