చార్ట్ చూసి కుట్టేది కళేనా?

వేసవి సెలవుల్లో పిల్లలకి పెట్టే కుట్ల క్లాసులో క్రాస్ స్టిచ్, అంటే గళ్ళ కాగితం మీది చార్ట్ చూస్తూ గుడ్డ మీద గడికో ఇంటూ గుర్తు కుట్టే పని, నేర్పాలా వద్దా అన్నది తగువు. జానకిది మగ్గం పని, చేతి ఎంబ్రాయిడరీ పక్షం. వద్దంటుంది. ఆమె ఆడపడుచు పద్మ నేర్పి తీరాలంటుంది.

జానకి: చూడు పద్మా, నా అభ్యంతరం ఒక్కటే. చార్ట్‌లో ప్రతి గడికీ ఒక గుర్తు, గుర్తుకో దారం నంబరు. ఇక్కడ ఎరుపు, పక్క గడీ ఎరుపే, ఆ తర్వాత ఆకుపచ్చ. అన్నీ ఎవరో తేల్చేశారు. కుట్టేవాళ్ళకి మిగిలింది లెక్కపెట్టుకోవడమే. కాడకుట్టు అలా కాదు. తీగ వంపు తిరిగే చోట కుట్టు చిన్నది చెయ్యాలి, లేకపోతే తీగ విరిగినట్టు కనబడుతుంది. ఎంత చిన్నదన్నది ఏ కాగితమూ చెప్పదు, చెయ్యే చూసుకోవాలి. పిల్లలకి అబ్బాల్సింది ఆ చూపు.

పద్మ: మరి చుక్కల ముగ్గుని ఏమంటారు వదినా? 15 చుక్కలు, 8 దాకా, సందు చుక్క. అంతా లెక్కే. ఒక్క చుక్క తప్పితే ముగ్గు కలవదు. అయినా ధనుర్మాసంలో అవే 15 చుక్కలతో పక్కపక్క వాకిళ్ళలో వేరువేరు ముగ్గులు కనబడతాయి.

జానకి: ముగ్గుకి చుక్కలిచ్చి గీత మనకి వదిలేస్తారు. మీ చార్ట్ గీత కూడా గీసిచ్చేస్తుంది. అక్కడే తేడా.

పద్మ: ఆ తేడా నిజమే. కానీ చార్ట్ చేతికొచ్చాక కూడా తేల్చుకోవాల్సినవి చాలా ఉంటాయి. మొదటిది గుడ్డ. 140 గళ్ళ వెడల్పు, 98 గళ్ళ ఎత్తు ఉన్న బొమ్మ తీసుకోండి. క్రాస్ స్టిచ్ కోసం గళ్ళుగా నేసే గుడ్డని ఐడా అంటారు, అంగుళానికి 14 గళ్ళుండే ఐడా మీద అది 10 అంగుళాలు, 7 అంగుళాలు. 11 గళ్ళ గుడ్డ మీదైతే వెడల్పే పన్నెండున్నర దాటిపోతుంది, దారం పల్చగా పడి కింద గుడ్డ కనబడుతుంది. 14 గళ్ళ గుడ్డకి దారంలోంచి రెండు పోగులు చాలు, 11కి మూడు కావాలి. ఫ్రేము కట్టడానికి నాలుగు వైపులా మూడేసి అంగుళాలు వదలాలి కాబట్టి కొనాల్సింది 16 అంగుళాలు, 13 అంగుళాల ముక్క. సరిగ్గా బొమ్మంత గుడ్డ కొని, చివర్లో రింగు పట్టడానికి చోటు లేక ఆపేసిన పనులు ఎన్ని ఉంటాయో.

జానకి: మన ఊళ్ళలో ఐడా ఎక్కడ కొంటారు, మ్యాటీ క్లాతే కొంటారు. దాని మీద కుడితే గుండ్రటి పువ్వు కోడిగుడ్డులా వస్తుంది. ఎందుకో చెప్పు.

పద్మ: నిలువు పోగులూ అడ్డం పోగులూ సమానంగా లేకపోవడం వల్ల. కొట్లోనే స్కేలు పెట్టి చూడాలి. నిలువునా రెండంగుళాల్లో ఎన్ని గళ్ళు, అడ్డంగా ఎన్ని అని. 24, 24 వస్తే తీసుకోవచ్చు. 24, 21 వస్తే బొమ్మ ఒక వైపు సాగుతుంది. ఆ గుడ్డ లతల అంచుకి పనికొస్తుంది గానీ ముఖానికీ చక్రానికీ పనికిరాదు. ఇది చూపు కాదంటారా?

జానకి: అది కొనుగోలు తెలివి. నేనడిగేది సూది పట్టాక సంగతి.

పద్మ: సూది పట్టాకే వద్దాం. మొన లేని సూది, 24 నంబరు. ఆరు పోగుల దారంలోంచి ఒక్క పోగు, మూరలు రెండు, లాగి మధ్యకి మడవాలి. రెండు కొసలూ కలిపి సూదిలోకి ఎక్కిస్తే అవతల ఉచ్చు మిగులుతుంది. గుడ్డ కింద నుంచి పైకి తీసి, గడికి ఐమూలగా కిందికి దించి, వెనకున్న ఉచ్చులోంచి సూది పోనిచ్చి మెల్లగా లాగితే దారం అక్కడే బిగుస్తుంది. ముడి లేదు. ముడేస్తే ఫ్రేము కట్టినప్పుడు ముందువైపు బొడిపెలా తేలుతుంది. పోగులు సరిసంఖ్యలో ఉంటేనే ఈ పద్ధతి, మూడు పోగులకి కుదరదు. అప్పుడు అంగుళం కొస వెనక వదిలి, మొదటి నాలుగైదు కుట్ల కింద నొక్కేసుకోవాలి.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునేది పై కాలు, అంటే ఇంటూలో మీద పడే గీత. ప్రతి ఇంటూలోనూ కింద కాలు ఎడమ అడుగు నుంచి కుడి పైకి అనుకుంటే, బొమ్మంతా అలాగే ఉండాలి. పై కాలు దానికి ఎదురు. నూలు దారానికి మెరుపుంటుంది, వెలుగు పడే తీరు పై కాలు వాలును బట్టి మారుతుంది. సగం పువ్వు ఒక వాలు, సగం ఇంకో వాలు కుడితే ఒకే ఎరుపు రెండు ఎరుపుల్లా కనబడుతుంది. గుడ్డ అడ్డం తిప్పి కుట్టేవాళ్ళకి జరిగేది ఇదే. దారం మెలి పడ్డా అంతే. పాతిక కుట్లకోసారి సూది వదిలేసి వేలాడనిస్తే మెలి దానంతటదే విడిపోతుంది.

జానకి: ఇదంతా శుభ్రత. నాకు శుభ్రత ఇష్టమే, కానీ శుభ్రతని సృజన అనలేను. ఇంకో మాట. ఇప్పుడు కంప్యూటర్లో ఫోటో వేస్తే చార్టు చేసిచ్చేస్తుంది. 60 రంగులు, ఒక్కో గడి ఒక్కో రంగు. నీ 140, 98 బొమ్మలో 13,720 ఇంటూలు. గంటకి వంద పడ్డా 137 గంటలు. ఆ గంటలన్నీ ప్రింటరు చేసే పని మనిషి చేసినట్టే కదా? అదే సమయంలో మగ్గం మీద జాకెట్టు కుడితే నాలుగు డబ్బులొస్తాయి, ఒంటి మీదకీ వస్తుంది.

పద్మ: ఫోటో చార్టుల విషయంలో నాదీ మీ మాటే. ఒక్క గడి కోసం దారం మార్చడం, వెనక చిక్కులు, ముందు మచ్చలు. వాటిని క్లాసు గుమ్మం తొక్కనివ్వకూడదు. డబ్బుకీ నా దగ్గర జవాబు లేదు, గంటల లెక్కన దీనికి ఎవరూ కూలి కట్టరు. కానీ గడి ఉంది కాబట్టి సృజన లేదనడం మాత్రం ఒప్పుకోను. పక్కనున్న కర్ణాటక ఎంబ్రాయిడరీ, కసూతి, మీకు తెలియందా? అందులో నాలుగు కుట్లు: గవంతి, ముర్గి, నేగి, మెంతి. వాటిలో మెంతి మన క్రాస్ స్టిచ్చే. ఇల్కల్ చీర కొంగు మీద గోపురం, రథం, తులసికోట అన్నీ పోగులు లెక్కపెట్టి కుట్టినవే.

జానకి: కసూతికి గుడ్డ మీద ముద్ర వెయ్యరు, గీత గియ్యరు. లెక్క మనసులో ఉంటుంది. అది నా పక్షానికే బలం.

పద్మ: లెక్క మనసులో ఉన్నా కాగితం మీద ఉన్నా గడి గడే కదా వదినా. పాలస్తీనా ఆడవాళ్ళ ఎంబ్రాయిడరీ తత్రీజ్ ఎక్కువగా క్రాస్ స్టిచ్చే. ఒకప్పుడు గౌను మీది నమూనా చూసి ఆమెది ఏ ఊరో చెప్పేవారు. 2021లో యునెస్కో దాన్ని వారసత్వ జాబితాలో చేర్చింది. అలెక్సిస్ కాస్డాగ్లీ అనే బ్రిటిష్ అధికారి 1941లో జర్మనీవాళ్ళకి బందీగా చిక్కి, అక్కడే ఒక గుడ్డ కుట్టాడు. అంచుల్లో అలంకారంలా చుక్కలూ గీతలూ. అవి మోర్స్ కోడ్, చుక్కలూ గీతలతో అక్షరాలు రాసే సంకేత లిపి. ఒక వరస రాజుకి జేజేలు, ఇంకో వరస హిట్లర్‌కి బూతు తిట్టు. కాపలావాళ్ళు పోల్చుకోలేక దాన్ని శిబిరాల్లో ప్రదర్శనకి పెట్టారు. ఆ చార్టు ఆయనకి ఏ కొట్లోనూ దొరకలేదు.

జానకి: ఆయన సొంతంగా గీసుకున్నాడు. అదే నేనూ అంటున్నది. గీయించు, ఆ తర్వాత కుట్టించు. అచ్చు చార్టు ఇచ్చి కూర్చోబెడితే నేనొప్పుకోను.

పద్మ: అలాగే. మొదటి వారం అచ్చు చార్టు ఉండదు. గళ్ళ కాగితం, పెన్సిలు, 20 గళ్ళకి 20 గళ్ళు, ఒక మామిడి పిందె. గడిలో వంపు అంటే మెట్లు. తోక దగ్గర మెట్ల పొడుగు 3, 2, 1, 1, 2, 3 అని నడిపితే కంటికి నున్నగా తిరుగుతుంది. 3, 1, 2, 1 అంటే గడ్డ కట్టినట్టుంటుంది. మీరు కాడకుట్టులో చేత్తో చూసుకునే వంపు ఇక్కడ అంకెల్లో చూసుకోవాలి. రంగు కూడా వాళ్ళదే. ఒకే సూదిలో ఆకుపచ్చ పోగొకటి, పసుపు పోగొకటి కలిపి కుడితే ఆ రెంటికీ మధ్య రంగు వస్తుంది.

జానకి: లెక్క తప్పితే? పిల్లలు తప్పక తప్పుతారు. ఒక గడి పక్కకి జరిగి, పాతిక వరసలయ్యాక బయటపడితే ఏడుపే.

పద్మ: ముందే పదేసి గళ్ళకొక దారం నిలువూ అడ్డం పరుగు కుట్టులో వేయించాలి. మామూలు దారం వద్దు, సూది దాన్ని గుచ్చేస్తే చివర్లో లాగలేం. సన్నటి గాలం తీగైతే సూది గుచ్చుకోదు. ఎరుపు దారాన్ని ముందే తడి తెల్లగుడ్డ మీద రుద్ది చూడాలి. రంగు దిగితే తేటనీళ్ళు వచ్చేదాకా చన్నీళ్ళలో జాడించాలి. ఇస్త్రీ ఎప్పుడూ తిరగేసి, దళసరి తువ్వాలు మీద. లేకపోతే కుట్లు అణిగిపోతాయి.

జానకి: ఆ గళ్ళ కాగితం ఇటివ్వు. పిందె తోక లోపలికి చుట్టుకునేలా వస్తుందేమో చూస్తాను. నీ 20 గళ్ళు చాలవనిపిస్తోంది.

పద్మ: 30 తీసుకోండి. గడి మొత్తం నింపాలి వదినా, సగం గడి లేదు.