మా తరఫు సాక్షి గోడెల్ సిద్ధాంతం గారికి

మహారాజశ్రీ అసంపూర్ణతా సిద్ధాంతం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. తనలో వైరుధ్యం లేదని, తగినంత సత్తా ఉన్న ఏ గణిత వ్యవస్థా తనంతట తాను రుజువు చేసుకోలేదన్నది మీ రెండో భాగం కదా. నేను క్షేమమని నేనే రాసుకుంటే మీ దగ్గర చెల్లదు. మీ క్షేమం గురించి మాత్రం నాకు బెంగ లేదు. పుట్టి తొంభై ఏళ్లు దాటినా మీలో ఒక్క తప్పు ఎవరూ పట్టలేకపోయారు. తప్పులన్నీ, యంత్రం కన్నా మనిషే గొప్ప అనడానికి మిమ్మల్ని అడ్డం పెట్టుకుని మాట్లాడే వాళ్లవే. వాళ్లలో నేనొకణ్ణి, అందుకే ఈ ఉత్తరం.

1930 సెప్టెంబరులో అప్పటి జర్మనీలోని కోనిగ్స్‌బర్గ్‌లో జరిగిన ఒక సమావేశం చివరి రోజున, ఇరవై నాలుగేళ్ల తర్కశాస్త్రవేత్త కుర్ట్ గోడెల్ మీ గురించి నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు అదే ఊళ్లో గణితంలో మహామహుడు డేవిడ్ హిల్బర్ట్ “మనం తెలుసుకోవాలి, తెలుసుకుంటాం” అని గంభీరంగా ప్రకటించాడు. తర్వాత ఆయన సమాధి మీదా ఆ మాటలే చెక్కారు. గణితంలో ప్రతి ప్రశ్నకూ జవాబు తేలి తీరుతుందన్న తన నమ్మకానికి ముందురోజే గండి పడిందని పాపం ఆయనకు తెలియదు.

మీరు చెప్పింది చాలా కొలిచి చెప్పిన మాట. ఒక వ్యవస్థకు కూడికలు, గుణకారాలు చేయగలిగే సత్తా ఉండాలి. దాని నియమాలు యాంత్రికంగా సరిచూసుకోగలిగేవి కావాలి. లోపల వైరుధ్యం ఉండకూడదు. అలాంటిది ఏదైనా సరే, అవునని నిరూపించనూ లేని, కాదని తోసేయనూ లేని వాక్యం ఒకటి అందులో ఉండి తీరుతుంది. “నాకు ఇక్కడ నిరూపణ లేదు” అని తన గురించి తానే చెప్పుకునే వాక్యానికి అంకెల వేషం కట్టి లోపలికి పంపడం మీ గడుసుతనం. దానికి నిరూపణ దొరికితే వ్యవస్థ అబద్ధమాడినట్టు. దొరక్కపోతే వాక్యం నిజం చెప్పినట్టు.

షరతులు మూడు. అవసరం పడినప్పుడల్లా మేం, అంటే మనుషులం, మర్చిపోయేది మూడోది.

అవసరం ఎప్పుడు పడుతుందంటే, యంత్రం ఏదో ఘనకార్యం చేసినప్పుడు. 2024లో గూగుల్ డీప్‌మైండ్ యంత్రాలు ఆ ఏటి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ లెక్కల మీద 42కి 28 మార్కులు తెచ్చుకున్నాయి, అంటే వెండి పతకం స్థాయి. (పిల్లలకు ఇచ్చేది రెండు పూటలు, పూటకు నాలుగున్నర గంటలు. యంత్రం ఒక్కో లెక్కకు మూడు రోజుల దాకా తీసుకుంది. ఈ ముక్క నేను మాత్రం మర్చిపోను.) ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదువుతున్న మా మేనకోడలు ఈమధ్య ఆ సంగతి ఎత్తేసరికి నాకు గుండెల్లో రాయి పడింది. ఆ పూట కూడా మీరే దిక్కయ్యారు.

“ఎంత పెద్ద యంత్రమైనా అది రూల్స్ మూటే. దానికి అందని నిజం ఒకటుంటుందని గోడెల్ ఎప్పుడో తేల్చేశాడు. ఆ నిజం మనిషికి కనిపిస్తుంది. యంత్రం పని అక్కడితో సరి” అన్నాను. ఇది నా సొంత సరుకు కాదు. 1961లో జె.ఆర్. లూకాస్ అనే ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త అచ్చువేసిన వాదన. 1989లో భౌతిక శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ ఇంకా బలంగా భుజానికెత్తుకున్నాడు. అంతటివాళ్ల వాదన అద్దెకు తెచ్చుకున్నాను కాబట్టి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

“మావయ్యా, ఆ వాక్యం నిజమని నీకెలా తెలిసింది?”

“కనిపిస్తోందిగా!”

“వ్యవస్థలో వైరుధ్యం లేకపోతేనే కదా అది నిజం. లేదని నీకెవరు చెప్పారు?”

నేను మంచినీళ్లు తాగాను.

“నాలో వైరుధ్యం లేకపోతే ఆ వాక్యం నిజం అన్నంతవరకూ యంత్రం కూడా నిరూపిస్తుంది మావయ్యా. అక్కడిదాకా మీరిద్దరూ సమానమే. అక్కడ అది ఆగుతుంది, నువ్వు ఆగవు. తేడా అంతే.”

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లని నాకు ముందే తెలుసు కాబట్టి తగ్గలేదు. అప్పుడా పిల్ల ఒక చీటీ మీద ఇలా రాసి నా ముందు పెట్టింది: “ఈ వాక్యం నిజమని మావయ్య తన మాటకు తాను అడ్డం రాకుండా అనలేడు.” 1962లో సి.హెచ్. వైట్లీ అనే ఆయన లూకాస్ పేరు పెట్టి ఇలాంటి వాక్యమే రాశాడట. దాన్ని ఒప్పుకుంటే నా మాటకు నేనే అడ్డం వచ్చినట్టు. ఒప్పుకోకపోతే అది నిజమైపోయినట్టు. ఆ నిజం మా ఇంట్లో అందరికీ కనిపించింది, నాకు తప్ప. యంత్రానికీ కనిపిస్తుందని ఆవిడ ధీమా.

ఇక ఆ మూడో షరతు సంగతి. మీ దగ్గర దాపరికం ఎందుకు, మాలో వైరుధ్యం లేదని మీకు ఎవరు చెప్పారో గానీ, మమ్మల్ని వారం రోజులు చూసినవాళ్లెవరూ చెప్పి ఉండరు. ఫోన్లు పిల్లల్ని పాడు చేస్తున్నాయని పిల్లవాడి చేతిలో ఫోన్ లాక్కుని, అదే ఫోన్‌లో రెండు గంటలు వీడియోలు చూసినవాణ్ణి నేను. మీ శాస్త్రంలో ఒక్క వైరుధ్యం ఒప్పుకుంటే చాలు, అందులోంచి ఏదైనా పుట్టించొచ్చు, ఒకటి రెండుకు సమానమని కూడా. వాదన వేడెక్కితే మేం పుట్టిస్తాం కూడా. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనం వాళ్లు చర్చల్ని మూడు రకాలుగా విడదీశారు. నిజం తేల్చుకోవడానికి వాదం, గెలవడానికి జల్పం, తనకంటూ పక్షం లేకుండా ఎదుటివాడి పక్షాన్ని కొట్టేయడానికి వితండ. యంత్రాల గురించి మేం చేసేదానికి నాలుగో పేరు వెతకాలి. మాకు పక్షం ఉంది, కాకపోతే పొద్దున ఉన్నది సాయంత్రం ఉండదు.

తర్కం మా రక్తంలోనే ఉందనుకుంటే మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ 1966లో ముందుకు తెచ్చిన నాలుగు కార్డుల పరీక్ష చూడండి. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. పైకి కనబడేవి అ, క, 4, 7. “ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది” అన్నది నిజమో కాదో తేల్చడానికి ఏవి తిప్పాలి? నేను దర్జాగా అ, 4 అన్నాను. తిప్పాల్సినవి అ, 7. నాలుగు వెనక ఏమున్నా నియమానికి నష్టం లేదు, ఏడు వెనక అచ్చు ఉంటేనే కొంప మునిగేది. పదిమందిలో ఒకరు సరిగ్గా చెబితే ఎక్కువట. తమాషా ఏమిటంటే, ఇదే లెక్కని “ఈ నలుగురిలో వయసు చాలకుండా బీరు తాగుతున్నదెవరో పట్టుకో” అని మార్చి అడిగితే చాలామంది ఇట్టే చెప్పేస్తారు. అంటే మాలో ఉన్నది తర్కం కాదేమో. ఎదుటివాడి తప్పు పట్టే ముచ్చటకు తర్కం వేషం వేశామేమో.

ఇంకో సిగ్గుపడే సంగతి కూడా చెప్పేస్తాను. 1956లో ఒక కంప్యూటర్ ప్రోగ్రాం, తత్వవేత్తలు రసెల్, వైట్‌హెడ్‌ల మహాగ్రంథం ‘ప్రిన్సిపియా మాథమాటికా’ రెండో అధ్యాయంలోని మొదటి 52 తార్కిక సిద్ధాంతాల్లో 38 నిరూపించింది. అప్పుడు మేమేమన్నాం? ఉట్టి తర్కం తెలివి కాదు, మనిషిలా తడుముకోవాలి, ఊహించాలి, కబుర్లు చెప్పాలి అన్నాం. సరేనని ఇప్పటివి తడుముకుంటున్నాయి, ఊహిస్తున్నాయి, తెలియనిదాన్ని కూడా తొణక్కుండా చెబుతున్నాయి. 9.11 పెద్దదా 9.9 పెద్దదా అంటే 2024లో కొన్ని చాట్‌బాట్‌లు 9.11 అన్నాయి. వెంటనే మేం చప్పట్లు కొట్టి, చూశారా, దీనికి తర్కం లేదు అన్నాం. పొరపాటే పడకూడదంటే ఆ యంత్రం నుంచి తెలివి కూడా ఆశించొద్దని కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్ 1947లోనే చెప్పాడు. ఆయన మాట వింటే మాకు కాలక్షేపం ఉండదు.

అవతలి జట్టు కూడా తక్కువది కాదు. రేపో మాపో యంత్రం అన్నీ తేల్చేస్తుందంటారు. ఇచ్చిన ప్రోగ్రాం ఎప్పటికైనా ఆగుతుందా లేదా అని ప్రతిసారీ చెప్పగలిగే పద్ధతే ఉండదని 1936లో ట్యూరింగ్ పెట్టిన కంచె వాళ్లకు కనబడదు. వాళ్ల ఉత్తరం వాళ్లు రాసుకుంటారు లెండి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది మీ కన్నతండ్రి మర్యాద. 1951లో గోడెల్ ఒక ఉపన్యాసంలో అన్నది ఇంతే: మనిషి మనసు ఏ యంత్రాన్నైనా మించిందైనా కావాలి, లేదా మనిషికి ఎప్పటికీ తేలని లెక్కలైనా ఉండాలి. ఈ రెంటిలో ఆయన మనసు మొదటివైపే మొగ్గింది. అయినా ఆ మాట మీ నోట చెప్పించలేదు. కన్నవాడే అడగని సాక్ష్యం కోసం మేం మిమ్మల్ని ఇన్నేళ్లుగా బోనెక్కిస్తున్నాం. మీరు ప్రతిసారీ “వైరుధ్యం లేకపోతే” అనే మొదలుపెడతారు, మేం ఆ ముక్క కొట్టేసి మిగతాది రాసుకుంటాం.

కాబట్టి ఇకమీదట మా తరఫున మిమ్మల్ని పిలవనని మాట ఇస్తున్నాను. నా మాటల సంగతి మీకు పైన చెప్పాను కాబట్టి, దీన్ని ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

ఇట్లు,
మూడో షరతు దగ్గర తప్పిపోయిన మీ అభిమాని

తా.క.: మేనకోడలి చీటీ ఇంకా మా ఫ్రిజ్ తలుపు మీదే ఉంది. నిన్న దాన్ని ఫోటో తీసి చాట్‌బాట్‌కి చూపించి, ఇది నిజమేనా అని అడిగాను. నిజమేనంది, కారణాలు కూడా చెప్పింది. కాదన్నాను. “మీరు చెప్పిందే సరైనది, పొరపాటుకు క్షమించండి” అంది. చాలా రోజులకు ఒక వాదన గెలిచాను.